పదిహేడు వేల మూడు వందల తొమ్మిదో వరుస

లోపాలు: సున్నా. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఆ ఒక్క మాట చెప్పి ఊరుకున్నాయి. దాని కింద కర్సరు రెప్ప వేస్తూ తీస్తూ ఉంది, ఇక నీదే ఆలస్యం అన్నట్టు. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. నలభై ఒక్క వేల రెండు వందల పదహారు వరుసలు. ఒక్కో వరుసలో ఒక పాత నంబరు, ఒక కామా, ఒక కొత్త నంబరు. పాత ఆసుపత్రినీ కొత్త ఆసుపత్రినీ ఒక్కటి చేశాక రోగులందరికీ కొత్త నంబర్లు ఇచ్చారు. ఏ పాత నంబరు ఏ కొత్త నంబరులో కలవాలో చెప్పే జాబితా ఇది. దీన్ని సర్వరులోకి ఎక్కించిన మరుక్షణం పాత కాగితాల్లోని జ్వరాలూ కుట్లూ కాన్పులూ అన్నీ ఎవరివి వాళ్ళ పేజీల్లోకి నడిచి వెళ్ళిపోతాయి. ఎక్కించడానికి బొమ్మలు లేవు, నొక్కే గడులు లేవు; ఒక్క వరుస ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొట్టడమే. అయితే ముందు ఉత్తుత్తిగా ఎక్కించి చూడాలి. అప్పుడు సర్వరు వరుసలన్నీ చదువుతుంది, తప్పులుంటే చెబుతుంది, దేన్నీ ముట్టుకోదు. ఇప్పుడు చదివింది. తప్పు లేదంది. ఉంది, అనుకుంది ఆమె. పదిహేడు వేల మూడు వందల తొమ్మిదో వరుసలో ఉంది. పాపం దానికేం తెలుసు, అంకెలు సరిపోయాయి, పేరు సరిపోయింది, పుట్టిన తేదీ సరిపోయింది. మనుషులే సరిపోలేదు.

గోడ గడియారంలో పదకొండూ పది. పన్నెండింటికి పాత సర్వరును ఆపేస్తానని కామా సారు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. "ఒక్క కామా జారిందనుకో అమ్మాయ్, ఒకడి కడుపునొప్పి ఇంకొకడి కాలికి చుట్టుకుంటుంది" అని రోజుకు నాలుగుసార్లు అంటాడు కనుక కామా సారు అయ్యాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనే పక్కన కూర్చుని నేర్పాడు ఈ నల్లతెర పని. ఊరి బళ్ళో కంప్యూటరు గుడ్డ కప్పుకుని ఉండేది, ఏడాదికోసారి దుమ్ము దులిపి మళ్ళీ కప్పేవాళ్ళు. అలాంటి బళ్ళో చదివిన పిల్ల ఇవాళ నలభై ఒక్క వేల మందిని ఒక్క వేలితో దాటిస్తుంది. "తొందరపడకు, ముందు ఉత్తుత్తి, తర్వాతే అసలు. ఉత్తుత్తి మానేసినవాణ్ణి ఎవరూ కాపాడలేరు" అనేవాడు. ఆ మాట విన్న మొదటి రోజున ఆమె లేచి నీళ్ళు తాగే నెపంతో వరండాలోకి వెళ్ళి కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన కంప్యూటరు గురించే అన్నాడు. కానీ సూదిమందు వేసే ముందు కూడా అంతేగా. మోచేతి కింద చర్మంలోకి చుక్కంత ఎక్కించి, పావుగంట చూసి, దద్దురు లేవకపోతేనే అసలు సూది. ఒక్క పావుగంట.

ఫ్యాను తిరుగుతోంది, ఏడో చుట్టుకో ఎనిమిదో చుట్టుకో ఒకసారి కిర్రుమంటూ. ఈ గదిలో నిరుడు దాకా నేల నుంచి కప్పు దాకా ఫైళ్ళుండేవి. ఇప్పుడు ఇనుప అరలు ఖాళీగా, పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. స్కాను అయిపోయినవన్నీ మూటలు కట్టి పక్కగదిలో పడేశారు, రేపు లారీ వస్తుంది, గుజ్జు చేసేస్తారట. మూటల మధ్య రికార్డుల పెద్దమ్మ స్టూలు వేసుకుని కూర్చుని ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఈ ఫైళ్ళు మోసిన మనిషి. ఈ నెలాఖరుతో ఆమె కూడా ఇంటికి. ఆసుపత్రిలో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు, డాక్టర్లతో సహా. నంబరు చెబితే చాలు, కళ్ళు మూసుకుని నడిచి వెళ్ళి లాక్కొచ్చేది. పొద్దున తనే ఆమె దగ్గరికి వెళ్ళి, మూడు నెలలుగా అడగాలనుకుని అడగలేకపోయిన నంబరు అడిగింది. రెండు సున్నా ఎనిమిది నాలుగు ఒకటి ఏడు. పెద్దమ్మ తల ఎత్తి చూసింది. "మూట కట్టేశాక అడుగుతావేంటే తల్లీ, నా నడుం మీద నీకేమైనా పాత పగ ఉందా?" అంటూనే లేచింది. అంటూనే మూడో మూట ముడి విప్పింది. "ఇదిగో. మీ తాలూకు ఎవరైనానా?" "కాదు పెద్దమ్మా, ఊరికే, సరిచూద్దామని." ఊరికే. ఈ భవనంలో నాలుగేళ్ళుగా పనిచేస్తూ, ఇక్కడే రెండో అంతస్తులో, మూల మంచం మీద తన అక్క పోయిందని ఒక్కరికీ చెప్పలేదు. చెబితే ఎలా పోయిందని అడుగుతారు.

ఇప్పుడు ఆ ఫైలు కీబోర్డు పక్కన ఉంది. అట్ట రంగు ఏమిటో చెప్పడం కష్టం, ఒకప్పుడు ఆకుపచ్చ అయి ఉండాలి. మూల నలిగి మెత్తబడి గుడ్డలా అయింది. వాసన మాత్రం అదే, ఫినాయిలూ పాత కాగితమూ కలిసిన వాసన. ఆ వాసనకు తొమ్మిదేళ్ళ వయసుంది. అవును, తనకప్పుడు తొమ్మిదేళ్ళు, ఒళ్ళు కాలిపోతుంటే అమ్మ భుజాన వేసుకుని బస్సు దిగి పరుగెత్తింది. అమ్మ చెమట మెడ మీద తన చెంప అతుక్కుపోయింది. కార్డులిచ్చే కిటికీ పన్నెండింటికి మూసేస్తారు. వీళ్ళు వెళ్ళేసరికి పన్నెండూ పది. కిటికీ చెక్క మూసి ఉంది, చెక్క వెనక గుమస్తా నవ్వు వినపడుతోంది. కొత్త కార్డు కావాలంటే పుట్టిన తేదీ కాగితం కావాలి, బడి నుంచి సంతకం కావాలి, రేపు రండి. రేపటిదాకా ఈ ఒంటి వేడి ఆగుతుందా? లోపలి నర్సు విసుగ్గా అడిగింది, "కార్డుందా లేదా తల్లీ, ఒక్క మాట చెప్పు." అమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. సంచిలో అక్క కార్డు ఉంది. అక్క ఏడేళ్ళప్పుడు బడి గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకుంటే చేయించిన కార్డు. "ఉందమ్మా, ఇదిగో" అంది అమ్మ. తర్వాత చెవిలో నోరు పెట్టి, "ఎవరైనా అక్క పేరు పిలిస్తే నేనే అను. అంతే. ఇంకేం మాట్లాడకు" అంది. తొమ్మిదేళ్ళ పిల్లకు పదకొండేళ్ళొచ్చేశాయి, ఒక్క నిమిషంలో.

పది రోజులు అక్క అయి ఉంది. బాగుండేది, అది చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ. పొద్దున నర్సు మందుల బండి తోసుకుంటూ వచ్చి అక్క పేరు పిలిచేది, "నేనే" అనేది. మొదటి రోజు పీలగా, మూడో రోజుకల్లా దర్జాగా. పెద్ద డాక్టరు ఫైలు తిరగేసి, ఎడమ చెయ్యి విరిగిందని చదివి, ఆ చెయ్యి అందుకుని ఎముక వెంబడి వేళ్ళతో నొక్కి చూశాడు. "చూశావా సిస్టర్, ఎంత బాగా అతుక్కుందో! అతుకు తెలియడమే లేదు. ఈ కట్టు నేనే కట్టాను" అని మురిసిపోయాడు. విరగని చెయ్యి అది. మంచం పక్కన నేల మీద కూర్చున్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారు వాళ్ళు. ఆ రాత్రి అమ్మా తనూ దుప్పట్లో దూరి ఎంత నవ్వారో. ఆరో రోజున అక్క వచ్చింది, నాన్న చెయ్యి పట్టుకుని. మంచం చివర కూర్చుని కాళ్ళు ఊపుతూ, "ఒసేయ్, నువ్వు నేనైతే మరి నేనెవర్నే?" అంది గుసగుసగా. "నువ్వు ఇంటి దగ్గరున్న నేను" అంది తను. "అయితే సోమవారం నా లెక్కల పరీక్ష కూడా నువ్వే రాసిపెట్టు తల్లీ, పుణ్యముంటుంది." ఇద్దరూ కిసుక్కుమంటే నర్సు కసిరింది. అక్క పోతూ పోతూ వెనక్కి తిరిగి, తన పేరుతోనే చెల్లెల్ని పిలిచి, వెక్కిరించి పారిపోయింది. పది రోజులు, పూటకొకటి చొప్పున ఇరవై సూదులు. పదో రోజు నర్సు ఫైల్లో రాసిన మాట, ఇదిగో, ఇప్పుడు వేలు కింద ఉంది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. ఈ మందు పడింది. ఏ ఇబ్బందీ లేదు.

పడింది, నిజమే. తనకు.

కిర్రుమంది ఫ్యాను. పదకొండూ పాతిక. ఎంటర్ కొట్టేస్తే? కొట్టేస్తే ఏమీ కాదు. అదే కదా భయం, ఏమీ కాదు. రెండు సున్నా ఎనిమిది నాలుగు ఒకటి ఏడు దాని కొత్త నంబరులోకి వెళ్ళిపోతుంది. పక్కన "మరణించారు" అనే గుర్తు ఉంది కనుక ఆ పేజీకి తాళం పడుతుంది, చదవొచ్చు గానీ ఇక ఎవరూ దిద్దలేరు. కాగితం లారీ ఎక్కుతుంది. నీలం సిరా గుజ్జయిపోతుంది. ఆరేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న ముల్లు నీళ్ళతో దిగిపోయినట్టు దిగిపోతుంది. ఎవరు అడుగుతారు? ఎవరికి పట్టింది? నలభై ఒక్క వేల వరుసల్లో ఒక వరుస. గడ్డివాములో సూది అంటారు గానీ, సూది గుచ్చుకున్నవాళ్ళకు అది ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది.

సూది. తెల్లటి ట్రే, అందులో దూది, పక్కన చిన్న గాజు సీసా. ఆరేళ్ళ కిందట, అక్క కాన్పయి మూడో రోజు. అమ్మ ఒళ్ళో అక్క పాప ఉంది, ఎర్రగా, పిడికిళ్ళు బిగించుకుని, ఎవరి మీదో కోపం వచ్చినట్టు. అక్కకు చలిజ్వరం పట్టుకుంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఏమే, మళ్ళీ నా బదులు నువ్వు పడుకోకూడదూ ఈ మంచం మీద" అంది అక్క, వణుకుతూనే నవ్వుతూ. అదొక్కటి అనకుండా ఉండాల్సింది అక్క. కింద నుంచి పాత ఫైలు తెప్పించారు. ఎంత తొందరగా వచ్చిందో ఆ ఫైలు. ఆ రోజు పెద్దమ్మ సెలవు పెట్టి ఉంటే, లేదా మామూలుగా జరిగేట్టు ఫైలు దొరక్కపోయి ఉంటే, చేతి మీద చుక్కంత ఎక్కించి పావుగంట చూసేవాళ్ళు. పెద్దమ్మ అంత పనిమంతురాలు కావడం కూడా ఒక్కోసారి... ఛ, పాపం, ఆమెనేం అనాలి. కుర్ర డాక్టరు అడిగాడు, "టెస్టు చేశారా సిస్టర్?" నర్సు ఫైలు తెరిచి వేలు పెట్టి చూపించింది. "చిన్నప్పుడే పది రోజులు ఇచ్చారు కదండీ. పడిందని రాసి ఉంది. మళ్ళీ ఎందుకు, పిల్ల వణికి చచ్చిపోతోంది."

అప్పుడు తను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. అక్క పాదాలు రుద్దుతోంది. అది నేను, అనుకుంది. అది అక్క కాదు, నేను. మాట నాలుక మీదికొచ్చింది. నోరు తెరిచింది కూడా. తెరిచిన నోరు అమ్మ చూసింది. పాపను ఒళ్ళో ఊపుతూ ఊపుతూ ఆగి, అమ్మ తన వంక చూసింది. కోపంగా ఏం కాదు. చుట్టాలొచ్చినప్పుడు పిల్లలు ఇంటి గుట్టు ఎక్కడ బయట పెడతారో అని చూసే చూపు. ఆ చూపుకు పుట్టినప్పటి నుంచీ అలవాటుపడిన నోరు, తనంతట తనే మూసుకుంది. అంతలోనే మనసు ఎన్ని చెప్పుకుందో. అబద్ధపు కార్డని తెలిస్తే గెంటేస్తారేమో, ఈ జ్వరంలో ఎక్కడికి మోసుకెళ్తాం, అయినా ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళం, నాకు పడింది అక్కకు పడదా. ఒక ఊపిరి తీసి వదిలినంతసేపు. అంతే. నర్సు సూది తీసేసి దూది అద్దింది. అక్క ఈ వైపు తిరిగి, "చెల్లీ, గొంతులో ఏదో దురదగా ఉందే" అంది. ఆ తర్వాత అక్క ఏమీ అనలేదు. పరుగులూ, తెరలూ, ఎవరో ఎవర్నో గట్టిగా పిలవడం, ఎవరో తన భుజాలు పట్టుకుని బయటికి నెట్టడం. ఫైల్లో చివరి పేజీ మీద రాసింది, బాలింత జ్వరం, గుండె ఆగింది. గుండె ఆగకుండా ఎవరు పోతారు.

ఇంటికి వెళ్ళాక ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. అమ్మ పాపకు సీసాతో పాలు పట్టడం నేర్చుకుంది. ఏడాది తిరక్కుండా బావ ఇంకో ఇంటివాడయ్యాడు. ఆ తర్వాత నాన్న పోయాడు. అమ్మా తనూ ఒకే గదిలో పడుకుంటారు, మధ్యలో పాప. పాప నిద్రలో ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు వేస్తుంది. ఆ రెండు చేతుల మధ్య ఆరేళ్ళ పాటు ఒక్క మాట ఊపిరాడకుండా పడుకుంది. అమ్మకు తెలుసా? ఆ సంగతి గుర్తుందా? నర్సు మాట అమ్మకు అర్థమయిందా, లేక కార్డు గుట్టు ఒక్కదానికే భయపడి అలా చూసిందా? అడగాలని ఎన్నిసార్లు... బియ్యం ఏరుతుంటే అనుకుంది. పాపకు జడ వేస్తుంటే అనుకుంది. అడిగితే తెలిసిపోతుంది. తెలియకపోతే, అడగడమే చెప్పడం అవుతుంది. కొన్ని ప్రశ్నలకు పిడి ఉండదు, ఎటు పట్టుకున్నా కోస్తాయి.

ఇంకా ఎన్నాళ్ళయినా అలాగే ఉండిపోయేదేమో. పాపకు గొంతులో గడ్డలు వాచకపోతే. నెలకోసారి జ్వరం, ముద్ద మింగలేదు, తీసేయాలన్నారు. పోయిన వారం గొంతు డాక్టరు అడిగాడు, ఇంట్లో ఎవరికైనా ఏ మందైనా పడకపోవడం ఉందా అని. "అలాంటిదేం లేదు బాబూ" అంది అమ్మ. తను పక్కనే ఉంది. మళ్ళీ నోరు తెరవలేదు, ఈసారి అమ్మ చూడకుండానే. డాక్టరు కాగితం మీద రాసుకుంటూ, "తల్లి పాత రికార్డు కొత్త నంబరులోకి ఎక్కుతుందిగా, అదీ చూసి మందులు ఖాయం చేస్తాను, మంగళవారం రెండింటికి తీసుకురండి" అన్నాడు. ఇవాళ మంగళవారం. తను ఎంటర్ కొడితే పన్నెండున్నరకల్లా తల్లి పేజీ ఆయన ముందు ఉంటుంది. తల్లి పేజీలో గుండ్రటి అక్షరాలుంటాయి. ఈ మందు పడింది. ఏ ఇబ్బందీ లేదు. తల్లికి పడనిది బిడ్డకూ పడకూడదని ఏమీ లేదని పుస్తకాల్లో చదివింది, ఒకసారి కాదు, పదిసార్లు, తనకు కావలసిన వాక్యం దొరికేదాకా. టెస్టు చేస్తారులే, ఈ రోజుల్లో అందరికీ చేస్తారు. ఆ రోజు కూడా అందరికీ చేసేవాళ్ళు.

పదకొండూ ముప్పై ఎనిమిది. ఆమె జాబితా తెరిచింది. పదిహేడు వేల మూడు వందల తొమ్మిదో వరుస దగ్గరికి వెళ్ళమని టైపు చేస్తే ఒక్క దూకులో వెళ్ళి నిలబడింది కర్సరు. పైన ఎవరో, కింద ఎవరో, మధ్యలో అక్క. వరుస మొదట్లో రెండు నిలువు గీతలూ రెండు అడ్డగీతలూ కలిసిన గుర్తు పెడితే సర్వరు ఆ వరుసను చదవదు, పక్కకు తప్పుకుని వెళ్ళిపోతుంది. పక్కన కారణం రాయాలి. అలా వదిలేసినవన్నీ డాక్టర్ల సంఘం బల్ల మీదికి వెళ్తాయి, కాగితం ఫైలుతో సహా. లారీ ఎక్కవు. గుర్తు పెట్టింది. పెట్టడం ఎంత తేలిక, ఒక్క వేలు. కారణం దగ్గర ఆగిపోయింది. ఎలా రాయాలి? బళ్ళో పంతులమ్మ చెప్పేది, రాయలేనప్పుడు పక్కవాడికి చెబుతున్నట్టు రాయండర్రా అని. ఒకే నంబరు, ఇద్దరు మనుషులు, అని రాసింది. తొమ్మిదేళ్ళ వయసులో పది రోజుల చికిత్స చెల్లెలిది. మందు పడింది చెల్లెలికి. ఆ పిల్ల అక్క పేరు చెప్పి చేరింది. అక్కకు టెస్టు లేకుండా అదే మందు ఇచ్చారు. చెల్లెలు అక్కడే ఉండి చెప్పలేదు. చివర తన పేరు, ఉద్యోగి నంబరు. చదువుకుంది. ఉద్యోగం పోతుందా? పోతే పోనీ, అన్నంత ధైర్యం ఏమీ లేదు. కానీ ఉద్యోగం సంగతి కాదు ఇప్పుడు. ఈ కాగితం బల్ల మీద పడే ముందు అమ్మ వినాలి. డాక్టరు నోటి నుంచి కాదు, తన నోటి నుంచి.

ఫోను తీసింది. అటు నుంచి బస్సు హోరు, హారను, ఆ పైన పాప గొంతు, "పిన్నీ, కిటికీ పక్క సీటు నాదే! అమ్మమ్మకు ఇవ్వలేదు!" తర్వాత అమ్మ. "ఏంటే, ఈ వేళప్పుడు? తిన్నావా?"

"అమ్మా, డాక్టరు మళ్ళీ అడిగితే ఎవరికీ ఏమీ లేదని చెప్పకు."

"ఏం లేదని?"

"మందు. అక్కకు ఆ రోజు ఇచ్చిన మందు." ఫైలు అట్ట మీద చెయ్యి పెట్టింది. "అక్క ఫైలు నా ముందుంది. అందులో పడిందని ఉంది కదా, అది నేనమ్మా. చిన్నప్పుడు నేను. నర్సు చదివినప్పుడు నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఇప్పుడు రాశాను. అంతా రాశాను."

బస్సు ఎక్కడో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, తలుపు మూసుకుంది. అమ్మ ఊపిరి వినపడుతోంది. ఫోను చెవి మార్చుకున్నట్టు గరగర.

"ఎవరి పేరు రాశావు?" అంది అమ్మ.

"నాదే."

కర్సరు రెప్ప వేస్తూ తీస్తూ ఉంది. పాప ఏదో పాడుకుంటోంది, మాటలు తెలియని పాట.

"రాసేదేదో సరిగ్గా రాయి" అంది అమ్మ. గొంతు మెల్లగా ఉంది, లెక్క తప్పు చూపించినట్టు. "ఆ పేరు చెప్పమన్నది నేను. తొమ్మిదేళ్ళ పిల్ల తనంతట తను చెప్పదు. అది రాయి. నువ్వు నోరు తెరిచావు ఆ రోజు. నేను చూశాను కదా. నేనే చూశాను నీ వంక. అదీ రాయి."

"అమ్మా..."

"ఏడవకు, అక్కడ అందరూ చూస్తారు. నాకు తెలుసే. ఫైలు చదివిన ఆ నర్సు మాట రోజూ వినపడుతూనే ఉంది. నువ్వు నోరు తెరిచింది ఇంకేదో అనడానికిలే, చిన్నప్పటి సంగతి నీకు గుర్తుండదులే, అని సర్దిచెప్పుకుని నోరు కట్టుకున్నాను." ఆగింది. "ఇద్దరం ఒకళ్ళకు తెలియకుండా ఒకళ్ళం దాచుకున్నాం చూడు. దానికి తెలిస్తే ఎంత నవ్వేదో." ఫోను పాప చేతికి వెళ్ళింది. "పిన్నీ, అమ్మమ్మ కంట్లో దుమ్ము పడింది. దిగాక ఎక్కడికి రావాలి?" "గేటు దగ్గరే ఉంటాను నాన్నా" అంది ఆమె. "అక్కడే నిలబడి ఉంటాను."

కారణం గడి చిన్నది. అంత పెద్ద సంగతి పట్టేలా కట్టలేదు దాన్ని. ఉన్నవాటిలో కొన్ని మాటలు తీసేసింది. "ఆ పిల్ల అక్క పేరు చెప్పి చేరింది" అన్నది తీసి, "అక్క పేరు చెప్పమన్నది తల్లి" అని చేర్చింది. "అక్కడే ఉండి చెప్పలేదు" దగ్గర చాలాసేపు వేలు ఆగింది. తల్లి చూసింది అని రాయాలా? చూపును ఏ గడిలో రాస్తారు? అమ్మ ఆ రోజు ఒళ్ళో పాపను పెట్టుకుని ఉంది, చేతులు ఖాళీ లేవు, ఆపాలంటే చూపు తప్ప ఇంకేం లేదు. ఆ చూపు కార్డును కాపాడబోయింది, అంతే, కూతుర్ని చంపబోలేదు. ఆ వాక్యాన్ని అలాగే ఉంచి, చివర ఒక్క మాట పెట్టింది: భయపడ్డాం. ఏకవచనం కాదు. రెండు పేర్లు, తనదీ అమ్మదీ. మధ్యలో కామా.

తర్వాత మళ్ళీ ఉత్తుత్తిగా ఎక్కించింది, నియమం నియమమే. లోపాలు సున్నా. వదిలినది ఒకటి. అప్పుడు అసలు ఆజ్ఞ టైపు చేసింది, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, చిన్నప్పుడు పలక మీద రాసినట్టు. ఎంటర్. తెర మీద అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. వెయ్యి, రెండు వేలు, ఐదు వేలు. ఎవరెవరి జ్వరాలో, ఎవరెవరి విరిగిన చేతులో, పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ, ముఖాలు తెలియని జనం అంతా ఒక ఇరుకు తలుపులోంచి ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్తున్నట్టు. పదిహేడు వేల దగ్గర ఆమె కళ్ళు ఆర్పలేదు. అంత వేగంలో ఒక్క వరుస ఆగడం కనపడదని తెలుసు. అయినా చూసింది. ఇనుప మంచం చివర కూర్చుని కాళ్ళు ఊపుతున్న పదకొండేళ్ళ పిల్ల, అందరూ లోపలికి వెళ్తుంటే తను మాత్రం గుమ్మం బయటే నిలబడి, మరి నేనెవర్నే అంటోంది.

తలుపు తోసుకుని కామా సారు వచ్చాడు, చేతిలో టీ గ్లాసుతో. వెనకే పెద్దమ్మ, నడుం పట్టుకుని. "అయిందా అమ్మాయ్? ఇంకో ఆరు నిమిషాల్లో పాతదాని పీక నొక్కేస్తున్నా" అంటూ వంగి తెర చదివాడు. "చదివినవి నలభై ఒక్క వేల రెండు వందల పదహారు. ఎక్కినవి నలభై ఒక్క వేల రెండు వందల పదిహేను. భేష్. వదిలినది ఒకటి. ఒకటేంటి?" కళ్ళజోడు నుదుటి మీంచి దింపుకున్నాడు. కీబోర్డు పక్కనున్న ఫైలు తన వైపు తిప్పుకుని, అట్ట మీది పేరు పైకి చదివాడు.

ఈ భవనంలో ఎవరైనా ఆ పేరు పైకి పిలిచి ఆరేళ్ళయింది. పిలవగానే, ఒంట్లో ఎక్కడో అడుగున, తొమ్మిదేళ్ళ పిల్ల ఉలిక్కిపడి లేచి కూర్చుంది. అమ్మ చెప్పిన మాట నాలుక చివరికి వచ్చేసింది, నేర్పిన పాఠంలా, రెండు అక్షరాల మాట. ఆమె దాన్ని మింగేసింది.

"ఎవరమ్మా ఈ మనిషి? నీకు తెలుసా?" అన్నాడు కామా సారు.

పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయి చూస్తోంది. ఫ్యాను కిర్రుమంది.

"మా అక్క సార్" అంది ఆమె.